ఒకసారికి ఒక కప్పే

దేవీప్రసాద్ ఇంట్లో ఉన్న కాఫీ యంత్రం నేను చేసిచ్చిందే. ఆటోనగర్‌లో నాకు లేత్ షెడ్డు ఉంది. లారీల పిన్నులు, పంపుల షాఫ్టులు, బుష్‌లు తిప్పుకుని బతికేవాణ్ణి. ఇన్నేళ్ళలో కాఫీ యంత్రం చెయ్యమని నన్నడిగినవాడు వాడొక్కడే. ఇకముందు ఎవరడిగినా చెయ్యను.

వాడూ నేనూ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచి మీద కూర్చున్నవాళ్ళం. చుట్టరికం ఏమీ లేకపోయినా అప్పట్నుంచీ బావా అంటే బావా అనుకుంటున్నాం. వాడికి స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ వెనకే తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆయన ఏళ్ళ తరబడి మంచంలో ఉండి పోయాక తల్లి మంచం పట్టింది. ఆవిణ్ణి కూడా సాగనంపి తలెత్తి చూసుకునేసరికి వీడి జుట్టు సగం నెరిసిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇంతే. ఇందులో దాచిపెట్టిన ప్రేమకథలేవీ లేవు. కూర్మన్నపాలెంలో మూడో అంతస్తు ఫ్లాట్లో ఒక్కడే ఉంటాడు.

ఈ కాఫీ పిచ్చి ఎలా పట్టుకుందంటే, వాళ్ళ సెక్షన్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఒకసారి బీచ్ రోడ్డులో కాఫీ షాపుకి లాక్కెళ్ళారట. అక్కడిచ్చిన కార్డులో అన్నిటికంటే పైన ఉన్న పేరు చూపించి అదే ఇమ్మన్నాడు. బొమ్మల పెళ్ళికి పనికొచ్చేంత కప్పులో, అడుగున కాస్త నల్లటి కాఫీ వచ్చింది. కుర్రాళ్ళు నవ్వారు. వీడు పరువు కోసం గుటక వేశాడు. మరుసటి వారం ఒక్కడే వెళ్ళి మళ్ళీ అదే తాగి వచ్చాడు. దాని పేరు ఎస్ప్రెస్సో అని, దాన్ని ఇంట్లో చేసుకోవాలని, అప్పట్నుంచి నా ప్రాణం తియ్యడం మొదలుపెట్టాడు.

ముందు పొయ్యి మీద పెట్టే ఇటలీ చెంబు ఒకటి తెప్పించుకున్నాడు. కింద నీళ్ళు, మధ్యలో పొడి, ఆవిరికి పైకి పొంగి వచ్చే డికాక్షన్. నాకైతే అది చాలా బాగుంది. వాడు పెదవి విరిచాడు. ఒత్తిడి చాలట్లేదట. పోనీ కరెంటు మిషను కొనుక్కోరా నాయనా అంటే దానికీ ఒప్పుకోలేదు.

“సవకవాటికి డబ్బా మీద పెద్ద పెద్ద నంబర్లేత్తారు బావా. లోపల పెషర్ ఉండదు. నాను రోజంతా గేజీలు సూసేవోణ్ణి, నాకు తెలీదేటి? నీళ్ళు మరగెట్టుకోడానికి గేస్ పొయ్యుంది, నొక్కడానికి సెయ్యుంది. కరెంటెందుకు మనకి?”

షెడ్డు మూల పడి ఉన్న పాత డ్రిల్లింగ్ మిషన్ స్టాండు మీద వాడి కన్ను పడింది. దాని హాండిల్ కిందికి లాగితే కడ్డీ కిందికి దిగుతుంది. ఆ కడ్డీకి స్టెయిన్‌లెస్ పిస్టన్ తగిలించి, దాని కింద ఒక సిలిండర్ పెట్టి, సిలిండర్ అడుగున కాఫీ పొడి ఉండే జల్లెడ బిగిస్తే చాలన్నాడు. చాలలేదు. మొదటిసారి పిస్టన్ చుట్టూ వేసిన రింగు పక్కనుంచి మరిగే నీళ్ళు చిమ్మి వాడి మణికట్టు కాలింది. రెండోసారి పిస్టన్ ఇరుక్కుపోయి సుత్తి తీసుకోవాల్సి వచ్చింది. నేను తిట్టడం, వాడు నవ్వడం, మళ్ళీ లేత్ మీద ఎక్కించడం. చివరికి ఒకరోజు, సిలిండర్‌కి బిగించిన ప్రెషర్ గేజీలో ముల్లు వాడికి కావాల్సిన తొమ్మిది దగ్గర నిలబడింది. టెన్త్ క్లాసు రిజల్ట్ చూసుకున్నట్టు చూసుకున్నాడు దాన్ని.

ఇక వాడు కాఫీ పెట్టే విధానం. ఓపికుంటే వినండి. అరకు గింజల్ని చేత్తో తిప్పే గ్రైండర్లో వేసి పిండిమర తిప్పినట్టు తిప్పుతాడు. పొడిని చిన్న కాటాలో తూస్తాడు. సిలిండర్ చల్లగా ఉంటే నీళ్ళ వేడి లాగేస్తుందని, దానిలో మరిగే నీళ్ళు పోసి, పారబోసి, మళ్ళీ పోస్తాడు. పొడిని జల్లెడలో చదును చేసి అణగదొక్కుతాడు. అప్పుడు నీళ్ళు పోసి ముందు హాండిల్‌ని కొంచెమే నొక్కుతాడు. పొడి తడిసి ఉబ్బేదాకా ఆగి, అప్పుడు ఒంటి బరువంతా దాని మీద వేస్తాడు. పొడి ముతకైతే కాఫీ గబగబా కారిపోయి పుల్లగా ఉంటుంది. మరీ మెత్తనైతే బొట్టు బొట్టుగా దిగి మాడు చేదొస్తుంది. కుదిరితే మాత్రం తాటిబెల్లం పాకంలా సన్నటి ధార, పైన ఎర్రటి నురగ. ఆ నురగ ఉండగానే తాగాలట. అది పోయాక తాగితే ఒకటే, పారబోస్తే ఒకటే అంటాడు. ఇంత చేస్తే వచ్చేది ఒక కప్పు. రెండో కప్పు కావాలంటే అంతా విప్పి, కడిగి, తుడిచి, మళ్ళీ గింజల దగ్గర్నుంచి మొదలు.

“ఏటి బావా, ఇంతసేపు కుస్తీ పట్టి ఇంతేనా?” అన్నాను మొదటి కప్పు నా చేతికిచ్చినప్పుడు.

“తాగి సూడు.”

“సేదుగుంది.”

“సేదు తర్వాత ఏటొచ్చింది?”

“నాకేటీ రాలేదు. పంచదారుంటే ఇలాగియ్యి.”

నిజానికి బండి మీద గాజువాక జంక్షన్ దాటుతుంటే నోట్లో సన్నగా ఒక తీపి వచ్చింది. ఆ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే ఇక నన్ను వదలడు.

ఆదివారాలు వాడింటికి వెళ్తుండేవాణ్ణి. తలుపు తీసి ‘రా బావా’ అనడానికి ముందు గొంతు సవరించుకునేవాడు. అంటే పొద్దున్నుంచి ఆ గొంతుతో వాడికి పని పడలేదన్నమాట. ఇల్లు అద్దంలా ఉండేది. సోఫా మీద దిండు ఎక్కడిదక్కడే, పేపరు మడత విప్పకుండా. మా ఇంట్లో అరుపులకి, చిందరవందరకి అలవాటు పడ్డ నాకు అక్కడ కాసేపయ్యేసరికి చెవులు గింగురుమనేవి. వాణ్ణి చూస్తే నాకు జాలి, ఆ జాలి బయటపెడితే వాడు ఒప్పుకోడని కోపం. అందుకని ఎప్పుడు వెళ్ళినా తిట్టే వచ్చేవాణ్ణి.

ఇదంతా మా ఆవిడ ధనలక్ష్మి చూస్తూ ఊరుకోలేదు. ఎలమంచిలిలో ఆవిడకి పిన్ని కూతురు ఒకావిడ ఉంది, కుసుమకుమారి. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే అన్నగారింటికి వచ్చేసి, అక్కడే ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తోంది. ఆవిడకీ తలలో నెరుపు వచ్చింది. ఇద్దరి మాటా కదిపితే ఇద్దరూ కాదనలేదు. కాకపోతే కుసుమకుమారి ఒక షరతు పెట్టింది. పట్టుచీర కట్టించి నన్ను కుర్చీలో కూర్చోబెట్టొద్దు, నేనే వచ్చి ఆ ఇల్లు చూస్తానంది. ఆ మాటకి నాకావిడ మీద గౌరవం కలిగింది.

ప్రసాద్‌కి మాత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు. గోడలకి సున్నం వేయించాడు. ఆరు కొత్త కప్పులు కొన్నాడు. ఫోన్ చేసి ఏం అడిగినా కాఫీ దగ్గరికే వచ్చేవాడు.

“హోటల్నుంచి ఫ్లాస్కుతో ఫిల్టర్ కాఫీ తెప్పించీ బావా. అందరికీ ఒకేసారి పోసీవచ్చు,” అన్నాను.

“ఆవిడ నా ఇల్లు సూడ్డానికొత్తన్నాది బావా. నాకాడ సూపించడానికి ఇంకేటుంది సెప్పు? ఇదొక్కటే నాకు బాగా వచ్చు.”

వాడి గొంతులో ఆశ అంత పచ్చిగా వినపడటం నాకదే మొదటిసారి. ఈ సంబంధం తప్పిపోతే వాడు ఇంకోదానికి ఒప్పుకోడని నాకప్పుడే అర్థమైంది.

ఆదివారం సాయంత్రం వాళ్ళు దువ్వాడలో రైలు దిగి ఆటోలో వచ్చారు. కుసుమకుమారి, అన్నగారు అచ్యుతరామయ్య, వదినగారు. నేనూ ధనలక్ష్మీ ముందే వెళ్ళి ఉన్నాం. ప్రసాద్ ఇస్త్రీ చొక్కాలో ఎదురెళ్ళి నమస్కారాలు పెట్టి, అందర్నీ కూర్చోమని, తను కూర్చోకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయాడు. గ్రైండర్ తిరుగుతున్న చప్పుడు మొదలైంది.

కాసేపటికి ప్లేటులో ఒకే ఒక్క కప్పు పెట్టుకుని వచ్చి కుసుమకుమారి ముందు ఉంచాడు. ఆవిడ కప్పు వంక చూసి, అన్నగారి వంక చూసింది. పెద్దవాళ్ళ చేతిలో కప్పు లేకుండా, నలుగురి మధ్య తనొక్కతే ఎలా తాగుతుంది? టీపాయ్ మీద పెట్టేసింది. “అందరికీ రానివ్వండి, కలిసి తాగుదాం,” అన్నాడు అచ్యుతరామయ్య పెద్దమనిషిలాగా. ప్రసాద్ మళ్ళీ లోపలికి పరుగెత్తాడు.

రెండో కప్పు తెచ్చేసరికి మొదటి కప్పులో నురగ పోయి, అంచున నల్లటి గీత మిగిలింది. వాడి మొహం మాడిపోయింది. “ఇది చల్లారిపోయిందండి, వేరేది తెస్తాను,” అని దాన్ని తీసుకుపోయాడు. రెండో కప్పు అచ్యుతరామయ్య ముందు పెట్టాడు కదా, ఇప్పుడు ఆయనా తాగడు. ఆడవాళ్ళకి లేకుండా ఎలా తాగుతాడు? “మీరు తీసుకోండి,” “పర్లేదు, ముందు మీరు,” అని ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ కూర్చున్నారు. ఈ మర్యాదలో అదీ చల్లారింది. ప్రసాద్ ఇంకో కప్పు తెచ్చిపెట్టి, చల్లారినదాన్ని తీసుకుపోయాడు.

“డికాక్షన్ చక్కగా దిగింది,” అంది వదినగారు నా వైపు తిరిగి. “పాలు కాయడం కుదర్లేదేమో పాపం. నేనెళ్ళి కాచనా?”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. “తాగీండి, వేడి మీద తాగీండి, అది అలాగే తాగాల,” అని నేనెంత మొత్తుకున్నా వాళ్ళు మొహమాటంగా నవ్వారే గాని కప్పు ముట్టలేదు. లోపల కుళాయి చప్పుడు, గ్రైండర్ చప్పుడు, హాండిల్ కిర్రుమనడం. హాల్లో మేము వానల గురించి, రైళ్ళ గురించి, ఎలమంచిలిలో మామిడిపళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఎవరి కోసం వచ్చారో ఆ మనిషి గురించి మాట్లాడటానికి ఆ మనిషి అక్కడ లేడు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. వాడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“బావా, ఈ కాఫీ గోల మానీసి ఇటొచ్చి కూకో. వాళ్ళు నిన్ను సూడ్డానికొచ్చారు.”

“ఒక్క కప్పు బావా. ఆవిడికొక్క కప్పు సరిగ్గా ఇచ్చీసి వచ్చేత్తాను,” అన్నాడు గేజీ మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను వచ్చి కూర్చున్న కాసేపటికి కుసుమకుమారి లేచి తనే వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. నా కుర్చీలోంచి ఆవిడ వీపు, అటువైపు హాండిల్ మీద వంగిన ప్రసాద్ కనపడుతున్నారు.

“రోజూ ఇలాగే చేసుకుంటారా?” అని అడిగింది.

“ఒక్క నిమిషం అండీ,” అన్నాడు వాడు.

హాండిల్ వదిలేస్తే కప్పు పాడవుతుందని వాడి బాధ. ఆవిడ అలాగే నిలబడి చుట్టూ చూసింది. మెరుస్తున్న సిలిండర్ని, వరసలో పెట్టిన డబ్బాల్ని, నాలుగు మడతలు పెట్టి ఆరేసిన తుడిచే గుడ్డని చూసింది. కాఫీ దిగాక ప్రసాద్ కప్పు రెండు చేతులతో పట్టుకుని అందించాడు. ఆవిడ ఆ గుమ్మంలోనే నిలబడి, ఆగకుండా, వేడి వేడిగా తాగేసింది. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడన్నా మాట్లాడతాడనుకుంటే వాడు ఖాళీ కప్పు అందుకుని సింకు వైపు తిరిగాడు. ఇంతలో అచ్యుతరామయ్య రైలుకి టైమైందని లేచాడు.

వాళ్ళని ఆటో ఎక్కించి వచ్చి వాడు నా భుజం పట్టుకున్నాడు. “తాగినాది బావా. నురగుండగానే తాగినాది.” వాడి మొహం వెలిగిపోతోంది. నేను బండి తాళాలు వెతుక్కున్నాను.

అనుకున్నంతా అయింది. ఆ వారంలోనే కుసుమకుమారి మా ఆవిడకి ఫోన్ చేసింది. కాసేపు విని ధనలక్ష్మి ఫోన్ నాకందించింది.

“బావగారూ, ఆ కాఫీ చాలా బాగుందండి. నాకోసమని అంత కష్టపడి ఎవరూ ఏదీ చెయ్యలేదు. అయినా వద్దండి,” అంది.

“ఏలమ్మా? మావోడు మంచోడు.”

“మంచోరేనండి. ఆయనకి ఎవరూ అక్కర్లేదు. ఆ వంటింట్లో అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, నాకు నిలబడ్డానికి గుమ్మమే దొరికింది. మా అన్నయ్య వాళ్ళు నన్నొక్క మాటనరండి. అయినా ఆ ఇంట్లో నేను ఎక్కువేనని నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇంకో ఇంటికెళ్ళి అక్కడా ఎక్కువవ్వడానికి పెళ్ళెందుకు చెప్పండి?”

ఆవిడ మాటలో తప్పెక్కడుందో నాకు దొరకలేదు. వాడి దగ్గర నాలుగు రోజులు దాచాను ఆ సంగతి. ఎంతకాలం దాస్తాను? వాడు పొద్దుటి షిఫ్టు దిగి, యూనిఫాం మీదే షెడ్డుకి వచ్చిన రోజు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

వాడు లేత్ కింద పడ్డ ఇనప చుట్టల్ని బూటుతో ఓ పక్కకి నెట్టాడు.

“ఎవులూ అక్కర్లేదన్నాదా?” అన్నాడు.

“మరేటంతాది?” నాకు ఉన్న కోపమంతా ఒక్కసారి వచ్చేసింది. “గుమ్మంలోకొచ్చి నిలబడ్డ మనిసికి ఒక్క మాట సెప్పలేదు నువ్వు. ఆవిడ మొగం సూసావేటి అసలు? గేజీ సూసుకుంటా ఉండిపోనావు. ఆ ఇంట్లో నీకేటి తక్కువని ఆవిడనుకోవాల?”

వాడు స్టూలు మీద కూర్చోబోయి, మళ్ళీ లేచి, నా ముందు చెయ్యి చాపాడు. “ఆవిడ నంబరియ్యి,” అన్నాడు.

ఇచ్చాను. కంప్రెసర్ కట్టేశాను. పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు మాత్రం వినపడుతూనే ఉన్నాయి. వాడు గోడ వైపు తిరిగి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

“నమస్తే అండి. నేను దేవీప్రసాద్‌ని. ఆఁ, బాగానే ఉన్నానండి.”

అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు.

“లేదండి. బాగోలేదు,” అన్నాడు. “మీరు మా సన్యాసిరాజు బావతో ఏదో అన్నారంట. అది అలగ కాదండి. ఆ కాఫీ నాను అంతసేపు సేసేది రుసి కోసం కాదు. మొదట్లో రుసికే. తర్వాత్తర్వాత, ఎంత సేపు పడితే అంత సేపు గడుస్తాది కదాని. డ్యూటీ నుంచొచ్చాక తెల్లారేదాకా ఏటి సెయ్యాలండి ఆ ఇంట్లో?” ఊపిరి తీసుకున్నాడు. “ఆదివారం మీరలగ వచ్చి నిలబడితే నాకు బయమేసింది. సేతిలో పనొదిలీసి మీ వేపు తిరిగితే ఏటి మాటాడాలో తెలీలేదు. మనిసితో మాటాడ్డం అలవాటు తప్పిపోనాదండి. అందుకే గేజీ సూత్తా ఉండిపోనాను. అక్కర్లేక కాదు. అది సెబుదామనే పోన్ సేసాను.”

ఇన్నేళ్ళలో వాడు నాతో ఇంత మాట చెప్పలేదు. నేను గుమ్మం దాకా వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాను.

వెనక వాడు వింటున్నాడు. మధ్యలో ఒకసారి “ఊఁ” అన్నాడు. ఇంకోసారి “నిజమేనండి” అన్నాడు. ఫోన్ పెట్టేశాడేమోనని తిరిగి చూస్తే ఇంకా చెవి దగ్గరే ఉంది. చివరికి “అలాగేనండి” అని ఫోన్ జేబులో పెట్టుకుని, యూనిఫాం చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

“ఏటన్నాది?”

“మళ్ళీ వత్తానన్నాది. పెళ్ళికి ఊఁ అన్లేదు. ఇంకోసారి సూడ్డానికి, ఈసారి ఒక్కర్తే వత్తానన్నాది.”

“మరింకేటి? ఒక్కర్తే అయితే నీ కప్పు సల్లారదు,” అన్నాను, వాణ్ణి నవ్విద్దామని.

వాడు నవ్వలేదు. “కాఫీ పెట్టొద్దన్నాది బావా. తనున్నంతసేపూ ఎదురుగా కూకోమన్నాది.”

“కూకోడం పెద్ద పనేటి?”

“నాకు పెద్ద పనే బావా,” అన్నాడు.